తిరుగు టపా

కథ పంపేవాడు రెండు కవర్లు కొనాల్సి వచ్చేది. ఒకటి పత్రికకు, రెండోది తనకే. ఆ రెండోదాని మీద మన చిరునామా మనమే రాసుకుని, సరిపడా స్టాంపులు అంటించి, కథతో పాటు లోపల పెట్టాల్సి వచ్చేది. ఉస్మానియా హాస్టల్లో ఉన్న రోజుల్లో దాని మీద ‘హైదరాబాద్-7’ అని రాస్తుంటేనే మనసు కీడు శంకించేది. తీసుకుంటే పోస్టుకార్డు వచ్చేది. లావుపాటి కవరొస్తే సంగతి విప్పకుండానే తెలిసిపోయేది, మనకే కాదు, వరండాలో ఉన్నవాళ్లందరికీ. ‘ఏం భాయ్, వాపసొచ్చిందా?’ అని అడిగినవాడే తార్నాక దాకా నడిపించుకెళ్లి చాయ్ తాగించేవాడు. చాయ్ అయ్యేలోపు ఇద్దరం కలిసి ఆ సంపాదకుణ్ని కడిగేసేవాళ్లం.

ఆ కబుర్లలో నవీన్ పేరు రాకుండా ఉండేది కాదు. ఇదే క్యాంపస్‌లో చదివి, ఇక్కడి విద్యార్థి ఒక్క రోజు బతుకును ‘అంపశయ్య’గా రాసినవాడు. 1969లో అచ్చయిన ఆ నవల పేరు ఆయనకు ఇంటిపేరైపోయింది. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు మాత్రం ‘కాలరేఖలు’కు, 2004లో వచ్చింది. నడుమ 35 ఏళ్లు. ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూనే ఆయన రాస్తూ పోయారు.

ఒక్క రోజును నవల చేసిన జేమ్స్ జాయిస్ పడ్డ పాట్లు మరీ ఘోరం. ‘డబ్లినర్స్’ కథల్ని 1905లో పంపడం మొదలుపెడితే పుస్తకం వచ్చింది 1914లో. వేస్తానన్న లండన్ ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్ వెనక్కి తగ్గాడు. 1912లో డబ్లిన్‌లో అచ్చయిన ఫారాల్ని బయటికి రానీయకుండా నాశనం చేశారు. చివరికి వేసిందెవరంటారా? ఆ రిచర్డ్సే!

ఇలాంటివి చెప్పుకుంటే ఊరటే. కానీ వెనక్కొచ్చిన ప్రతి కథా ‘డబ్లినర్స్’ కాదు. కోపం చల్లారాక, అంటే ఓ పది రోజులు పోయాక విప్పి చదివితే మొదటి పేజీన్నర లేకపోయినా కథ నడుస్తుందని చాలాసార్లు మనకే తెలిసేది. తిరుగు టపా చేసిన మేలు అది.

ఇప్పుడా టపా లేదు. ఈమెయిల్లో కథ పోతుంది, జవాబు రాదు. ‘మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం రాసిచ్చాం కనుక దాన్ని ఇంకో చోటికి పంపలేం. విపుల, చతుర పత్రికలు 2021లో ఆగిపోయాక పంపే చోట్లూ తగ్గాయి. తిరస్కారాన్ని తట్టుకోవచ్చు, ఈ మౌనాన్ని తట్టుకోవడమే కష్టం. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, జవాబు కోసం చూడకుండా రెండో కథలో పడిపోవడం.

సంపాదకులకు మాత్రం ఓ విన్నపం. కారణాలు రాయక్కర్లేదు, సలహాలూ వద్దు. ‘తీసుకోవడం లేదు’ అని ఒక్క ముక్క రాయండి, వేరే పత్రికకు పంపుకుంటాం.