పేరు లేని చేతులు: అమెరికన్ జానపద కళాసేకరణ - ఒక విమర్శ

కీలక పదాలు: జానపద కళ, సేకరణ, అజ్ఞాత కర్తృత్వం, హోల్గర్ కాహిల్, బొంత, ఎడ్జ్‌ఫీల్డ్, డేవిడ్ డ్రేక్.

ప్రవేశిక

1932లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో హోల్గర్ కాహిల్ ఒక ప్రదర్శన నిర్వహించారు. 'అమెరికన్ జానపద కళ: అమెరికాలో సామాన్యుని కళ, 1750-1900' అని దాని పేరు. అందులోని వస్తువులు దాదాపు అన్నీ అబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ సేకరణలోనివే. అయితే ఆమె తన పేరు వెల్లడి కానివ్వలేదు. వాటిలో చాలావాటికి చేసినవారి పేర్లూ లేవు. ఒకే ప్రదర్శనలో రెండు అజ్ఞాతత్వాలు: ఒకటి సంపన్నురాలు కోరి ఎంచుకున్నది, మరొకటి వస్తువు చేతులు మారే క్రమంలో చేసినవారికి సంక్రమించినది. ఈ రెండవదానిని జానపద కళకు సహజలక్షణంగా భావించడం పరిపాటి అయింది. అందులో అధికభాగం సేకరణ విధానం సృష్టించినదేనని ఈ వ్యాసం ప్రతిపాదన.

సేకర్తల దృష్టి

ఈ వస్తువులపై తొలుత మక్కువ చూపినవారిలో ఆధునిక కళాకారులు ముఖ్యులు. మెయిన్ రాష్ట్రంలోని సముద్రతీర గ్రామం ఒగన్‌క్విట్‌లో హామిల్టన్ ఈస్టర్ ఫీల్డ్ నడిపిన కళాకేంద్రానికి వచ్చిన యువకులు జాలర్ల పాకల్లో బస చేసి, అక్కడి పాత బొమ్మల్లో తాము వెతుకుతున్న సరళరూపాన్ని చూశారు. ఎడిత్ హాల్పర్ట్ ఆధునిక చిత్రాలతోపాటు ఈ వస్తువులనూ అమ్మారు. ఆ విధంగా జానపద వస్తువుకు ఆధునిక కళకు పూర్వీకుని స్థానం లభించింది. పూర్వీకునికి రూపం ఉంటే చాలు, పేరుతో పని లేదు.

ఈ దృష్టిలోని వైరుధ్యం ఇంటికప్పుల మీద గాలివాటాన్ని చూపే లోహపు బొమ్మల విషయంలో స్పష్టమవుతుంది. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో వీటిలో అనేకం కర్మాగారాల్లో రాగిరేకులను అచ్చుల్లో సాగగొట్టి చేసినవి. ధరల పట్టికలతో అమ్ముడైనవి. అయినా అవి 'జానపద శిల్పం' అయ్యాయి. 2006లో వేలంలో 58 లక్షల డాలర్లకు పైగా పలికిన ఇండియన్ నాయకుని బొమ్మ ఒక ఇనుప కార్ఖానా ఉత్పత్తి! సామాన్యుని చేతిపని అనే భావన మీద సేకర్తలకున్న మమకారం ముందు ఉత్పత్తి చరిత్ర నిలవలేదు.

బొంతలదీ అదే దారి. 1971లో విట్నీ మ్యూజియం జోనథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్‌ల సేకరణలోని బొంతలను చిత్రపటాల వలె గోడలకు వేలాడదీసింది. గృహిణుల పనికి మ్యూజియం గోడ దక్కడం చిన్న విషయం కాదు. కానీ ఎన్నికకు ప్రమాణం కంటికి కనిపించే రూపం. కుట్టిన స్త్రీ ఎవరు, ఎవరికోసం కుట్టింది అన్నవి వెనుకబడ్డాయి. తెలుగులో ఫోక్ ఆర్ట్‌ను 'జానపద కళ' అని అనువదిస్తున్నాం. మన జానపద పరిశోధకులు ఒక గేయాన్ని సేకరించేటప్పుడు పాడినవారెవరు, ఏ ఊరు, ఏ సందర్భం అని అడగడం నేర్చుకున్నారు. అమెరికన్ సేకర్తల సంప్రదాయం ఆ ప్రశ్నలు లేకుండానే చాలాకాలం సాగింది. అనువాదంలో పదం ఒకటే అయినా భావన ఒకటి కాదు. అమెరికాలోనూ ఈ భేదం 1977 నాటి వింటర్‌థర్ సదస్సులో జానపద శాస్త్రవేత్తలకూ కళాసేకర్తలకూ మధ్య బాహాటమైన వివాదంగా పరిణమించింది.

సేకర్తలను పూర్తిగా తప్పుపట్టలేం. కెంట్ చిత్రకారుడు, బోర్డర్ చిత్రకారుడు అని వేర్వేరు అజ్ఞాతులకు ఆపాదించిన రూపచిత్రాలు అమ్మీ ఫిలిప్స్ అనే ఒక్కరివేనని నిరూపించినది బార్బరా, లారెన్స్ హోల్డ్రిడ్జ్ అనే సేకర్తల దంపతులే. వెతికితే పేరు దొరికింది.

డేవిడ్ డ్రేక్ జాడీలు

దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో బానిసత్వంలో ఉన్న కుమ్మరి డేవిడ్ డ్రేక్ విషయంలో వెతకవలసిన అవసరం కూడా లేదు. ఆయన తన జాడీల మీద పచ్చిమట్టిలోనే 'డేవ్' అని సంతకం చేశాడు, తేదీ వేశాడు, కొన్నింటిమీద ద్విపదలు చెక్కాడు. తేదీతో లభిస్తున్న వాటిలో తొలి ద్విపద జాడీ 1834 నాటిది. బానిసలకు చదువు నేర్పడాన్ని ఆ రాష్ట్రం నిషేధించినది ఆ సంవత్సరమే. 1857 నాటి ఒక జాడీ మీద తన బంధువర్గమంతా ఎక్కడ ఉన్నదోనని తలపోశాడు. బానిసల కుటుంబాలను విడదీసి అమ్మే వ్యవస్థలో మాంసం నిలవచేసే జాడీ మీద రాసిన మాట అది. 1859లో మరొక బానిస కుమ్మరితో కలిసి చేసిన జాడీ 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు పడుతుంది. అంత పాత్రను మలచడానికి కావలసిన దేహబలాన్ని, సారె మీది నేర్పును 'అమాయక కళ' అనే మాటతో సరిపెట్టడం అన్యాయం.

2021లో ఆయన జాడీ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. కొన్నది క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం. పేరు గుర్తింపు పొందినంత మాత్రాన హక్కు తేలలేదు. చేసినవాడే మరొకరి ఆస్తి అయినప్పుడు, ఆ జాడీని మొదట అమ్మిన యజమానికి ఉన్న హక్కు ఎటువంటిది? తర్వాతి సేకర్తలందరి హక్కూ దాని మీదే ఆధారపడి ఉంది. బోస్టన్‌లోని లలితకళల మ్యూజియం 2025లో తన వద్ద ఉన్న రెండు జాడీల హక్కును డ్రేక్ వారసులకు అప్పగించి, వాటిలో ఒకదానిని వారి నుంచి తిరిగి కొనుక్కుంది. ఆ మ్యూజియంలోని 1857 నాటి ద్విపద జాడీ మీద, దీనిని డబ్బు కోసం చేశానని డ్రేక్ రాసుకున్నాడు.