‘అల్పజీవి’ నవల: పాఠకునిలో మిగిలిపోయే సుబ్బయ్య

1922లో శ్రీకాకుళంలో జన్మించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) 1950ల తొలినాళ్లలో రచించిన ‘అల్పజీవి’ని తెలుగులో చైతన్య స్రవంతి శిల్పానికి ఉదాహరణగా విమర్శకులు తరచూ పేర్కొంటారు. దానిపై జేమ్స్ జాయిస్ ప్రభావమూ చర్చకు వచ్చింది. అయితే ఈ నవల తొలిసారి చదివినవారిని చాలాకాలం వెంటాడటానికి కారణం శిల్పం పేరు చెప్పినంత మాత్రాన తేలదు. ఆ శిల్పం పాఠకుణ్ణి ఎక్కడ నిలబెడుతుందన్నదే అసలు ప్రశ్న.

సుబ్బయ్య ఒక గుమాస్తా. ఆఫీసులోనూ ఇంట్లోనూ అందరికీ భయపడే మనిషి. కంట్రాక్టరు గవరయ్య దగ్గర తీసుకున్న డబ్బు ఆ భయానికి ఒక నిర్దిష్ట రూపం ఇస్తుంది. కథలో బయట జరిగేదానికన్నా అతని మనసులో జరిగేదే ఎక్కువ. మొదట్లో కథకుని వ్యంగ్యంతో గొంతు కలిపి పాఠకుడు సుబ్బయ్యను చూసి నవ్వుతాడు. క్రమంగా ఆ ఆలోచనల తీరు తనకు కొత్తది కాదని గుర్తిస్తాడు. జాలిపడటానికి కొంత ఎడం కావాలి. ఈ నవల ఆ ఎడాన్ని మిగల్చదు.

శ్రీకాకుళం జిల్లాకే చెందిన కాళీపట్నం రామారావు 1960లలో వెలువరించిన ‘యజ్ఞం’ కథతో పోల్చితే ఈ విశిష్టత స్పష్టమవుతుంది. అక్కడ అప్పు ఊరి పంచాయితీలో బహిరంగంగా విచారణకు వస్తుంది. పాఠకుడు సభలో కూర్చొని ఇరుపక్షాల వాదనలూ వింటాడు. చివర సీతారాముడు చేసిన ఘోరకృత్యం ఆ సభతోపాటు పాఠకుణ్ణీ నిశ్చేష్టుణ్ణి చేస్తుంది. ‘అల్పజీవి’లో పంచాయితీ సుబ్బయ్య తలలోనే జరుగుతుంది. వాది, ప్రతివాది, తీర్పరి అతడే. తీర్పు మాత్రం ఎప్పుడూ అతనికి వ్యతిరేకమే.

అందువల్ల సుబ్బయ్య పిరికితనాన్ని కేవలం స్వభావలోపంగా వివరించే విశ్లేషణ అసంపూర్ణం. ఆ వివరణలో గవరయ్య తప్పించుకుంటాడు. డబ్బుకూ అధికారానికీ ఉన్న బెదిరింపు శక్తి కనుమరుగవుతుంది. మనిషి తనంతట తాను అల్పుడు కాడు, అల్పుడినని నమ్మేటట్లు అతణ్ణి చుట్టూ ఉన్న సంబంధాలే తయారు చేస్తాయి. చైతన్య స్రవంతి ఇక్కడ సామాజిక వాస్తవికతకు ప్రత్యామ్నాయం కాదు. ఆ వాస్తవికత మనిషి లోపలికి ఎంత దూరం చొచ్చుకుపోయిందో చూపే సాధనం. నవల పరిశోధకులు శిల్ప లక్షణాల పట్టికతో ఆగిపోకుండా, కథకుని గొంతు ఎక్కడ ముగిసి సుబ్బయ్య గొంతు ఎక్కడ మొదలవుతుందో వాక్యస్థాయిలో పరిశీలించవలసి ఉంది. నవ్వు భయంగా మారేది ఆ సరిహద్దు దగ్గరే.