గడువు లేని శిక్ష, అసంపూర్ణ విడుదల

ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 నుంచి అమలైన ‘ప్రజారక్షణార్థ కారాగార శిక్ష’లో న్యాయస్థానం కనీస గడువును మాత్రమే నిర్ణయించేది. గడువు తీరిన ఖైదీ తనవల్ల ప్రజలకు ప్రమాదం లేదని పెరోల్ బోర్డును ఒప్పించాలి. అందుకు అవసరమైన శిక్షణ తరగతులు మాత్రం అనేకులకు సకాలంలో అందలేదు. నిరూపించుకొమ్మన్న రాజ్యమే నిరూపణకు మార్గం చూపలేదన్నమాట. 2012లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తప్పుపట్టినది దీనినే. అదే ఏడాది ఈ శిక్ష రద్దయింది. అప్పటికే శిక్షపడినవారికి ఆ రద్దు వర్తించలేదు.

విడుదలైనా లైసెన్సు షరతు తప్పితే, కొత్త నేరం చేయకపోయినా, నిరవధికంగా తిరిగి జైలే. పర్యవేక్షణ రద్దు సమీక్షకు 10 ఏళ్ల నిరీక్షణను 2024 చట్టం 3 ఏళ్లకు తగ్గించింది. మేలే; కాని ఒక్కసారీ విడుదల కానివారికి దానితో ఒరిగేది లేదు. వారి శిక్షలను తిరిగి ఖరారు చేయాలన్న పార్లమెంటు న్యాయ కమిటీ సిఫారసును ప్రభుత్వం 2023లో తిరస్కరించింది.