చక్రానికి నాడాలు

"సార్, ఈ టైరుకు గిన్ని మేకులు దిగినయి, ట్యూబు ఎట్ల బతికింది?"

మీర్‌పేట్‌లో మా కాలనీ మలుపు దగ్గర ఏళ్ల తరబడి పంచర్లు వేస్తున్న మెకానిక్ అన్న అడిగిన మొదటి మాట ఇది. ఆయన చేతిలో ఉన్నది మా మేనల్లుడి సైకిల్ టైరు. వాడు ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో చదువుకుంటున్నాడు. మూడు చలికాలాలు ఈ టైర్ల మీదే కాలేజీకి వెళ్లొచ్చాడు. అక్కడ మంచు కరగగానే ఇవి విప్పేసి మామూలు టైర్లు ఎక్కించుకుంటారట. ఖాళీగా ఉంటుంది కదా, ఒకటి చూపించరా అని అడిగితే, ఎండాకాలం సెలవులకు వస్తూ పాత లుంగీలో చుట్టి తెచ్చాడు.

మేకు దిగిన టైర్లు చూడటమే అన్న వృత్తి. అలవాటు కొద్దీ టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఎక్కడా ఏదీ గుచ్చుకోలేదు. మళ్లీ బయటి వైపు చూశాడు. వరుసగా, సమదూరంలో, ఒకే ఎత్తున మెరుస్తున్న మొనలు. "ఇవి దిగినయి కావు, పెట్టినయి" అని జేబులోంచి కళ్లజోడు తీశాడు. ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం ఆ టైరును చూసినంత శ్రద్ధగా నేను ఏ చేతిపనినీ చూడలేదు.

ముందు కొలత సంగతి. మన పెద్ద సైకిళ్ల టైరును 28 అంటాం. దీన్నీ 28 అనే అంటారు. కానీ షాపులో వేలాడుతున్న పాత సైకిల్ రిమ్ముకు ఇది ఎక్కలేదు. టైరు పక్కన 42-622 అని అచ్చు వేసి ఉంది. 42 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 622 అంటే టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం. మన పెద్ద సైకిల్ 28×1½ టైరుకు ఆ వ్యాసం 635. పేరు ఒక్కటే అయినా 13 మిల్లీమీటర్ల తేడా. అన్న మారు మాట్లాడకుండా రిపేరుకు వచ్చిన ఒక గేరు సైకిల్ చక్రం తెచ్చి, దాని టైరు ఊడదీసి దీన్ని ఎక్కించాడు. సరిగ్గా కూర్చుంది. చక్రం తిప్పితే మొనలన్నీ ఒక వెండి గీతలా కనబడ్డాయి.

జర్మనీకి చెందిన ష్వాల్బే కంపెనీ టైరు అది, మారథాన్ వింటర్ రకం. ఈ కొలతలో 240 మేకులుంటాయి. నడిమి పట్టీకి అటూ ఇటూ రెండేసి వరుసలు, మొత్తం నాలుగు. లోపలి రెండు వరుసలు తిన్నగా పోయేటప్పుడు పనిచేస్తాయి. బయటి రెండు వరుసలు మలుపులో సైకిల్ ఒరిగినప్పుడు అందుకుంటాయి. మంచు మీద మనిషి పడిపోయేది ఎక్కువగా ఒరిగినప్పుడే. ఆ క్షణం కోసం రెండు వరుసల మేకులు భుజాల మీద కాచుకుని కూర్చున్నాయి.

ఒక్కో మేకును విడిగా చూస్తే పనితనం ఇంకా తెలుస్తుంది. బయటికి కనిపించేది మిల్లీమీటరో అంతకు కాస్త ఎక్కువో. మిగతాదంతా రబ్బరులోనే. అడుగున వెడల్పాటి బిళ్ల, దాని మీద సన్నని నడుము, కొసకు గట్టి మొన. టైరులో మేకు కోసం ఉండే గుంట మేకు కంటే కాస్త ఇరుకు. రబ్బరు నడుమును బిగించి పట్టుకుంటుంది. బిళ్ల పైకి రాకుండా ఆపుతుంది. జిగురుతో పని లేదు. ఒకవేళ ఊడితే ఆ ఒక్కదాన్నే కొత్తది పెట్టుకోవచ్చు, అందుకు చిన్న చేతి పనిముట్టు కూడా దొరుకుతుంది. బాగు చేసుకునే వీలున్న వస్తువు అని తెలిశాక అన్న ముఖంలో గౌరవం పెరిగింది.

మూడు చలికాలాలు తిరిగినా మొన అరగకపోవడం ఆయనకు అన్నిటికంటే ఆశ్చర్యం. మామూలు ఇనుప మేకైతే తారు రోడ్డు మీద త్వరలోనే బోడిదైపోతుంది. ఈ మొన టంగ్‌స్టన్ కార్బైడ్. ఆ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అచ్చులో నొక్కి, దాదాపు 1,400 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. పేరు చెబితే కొత్తగా వినిపిస్తుంది కానీ మనకిది పాత చుట్టమే. లేత్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు దీన్ని విడియా అంటారు. 1920ల్లో జర్మనీలో క్రుప్ కంపెనీ పెట్టిన పేరది. వాళ్ల భాషలో వజ్రంలాంటిది అనే మాటను కుదించి చేశారు. బోరు బండి మన వీధిలోకి వచ్చినప్పుడు గొట్టం కొసన ఉండే బిట్టు చూశారా? దాని ముఖం నిండా గుండ్రటి బొడిపెలుంటాయి. అవీ ఇవే. మన నేల కింది నల్లరాతిని పిండి చేసే గుణాన్నే ఇక్కడ గోధుమ గింజంత చేసి సైకిల్ టైరులో కూర్చోబెట్టారు.

అంత చిన్న మొన మనిషినెలా మోస్తుంది? లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిల్, పుస్తకాల సంచి కలిపి 90 కిలోలు అనుకుంటే వెనక చక్రం మీద 50 కిలోలు పడతాయి. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు 4 కిలోలుంటే నేలకు ఆనే రబ్బరు 12, 13 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక అరచేతిలో చిన్న భాగం. నున్నటి ఐసు మీద ఆ ఒత్తిడికి రబ్బరు జారిపోతుంది. మేకు మొన వెడల్పు 2 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని మీద 3 కిలోల బరువు పడినా చాలు, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 కిలోలవుతుంది. రబ్బరు పెట్టే ఒత్తిడికి పాతిక రెట్లు. ఐసు అక్కడ లొంగుతుంది, మొన దిగుతుంది, చక్రం నిలుస్తుంది. అడుగు తీసి అడుగు వేసినట్టు ఒక మేకు లేచేలోపు ఇంకోటి దిగుతుంది.

అన్నకు అన్నిటికంటే నచ్చింది గాలి కిటుకు. పంపుతో నిండా కొట్టి టైరును నేలకు ఒత్తాడు. టైరు గుండ్రంగా నిలబడి, బరువంతా నడిమి పట్టీ మీదే పడింది. మేకులు తక్కువ ఆనాయి. కొంచెం గాలి వదిలాడు. టైరు వెడల్పుగా పరుచుకుంది, మేకులు నేలను పట్టుకున్నాయి. దారిలో మంచు లేని రోజు గాలి నింపుకుంటే చప్పుడు తక్కువ, బండి తేలిక. ఐసు కట్టిన రోజు గాలి తగ్గిస్తే పట్టు ఎక్కువ. వేరే స్విచ్చు లేదు, మీట లేదు. రోజూ వాడే వాల్వునే చలికాలపు మీటగా మార్చారు. "తెలివంటె ఇది" అన్నాడు అన్న. ఆయన ఇంకొకరి పనిని మెచ్చుకోగా నేను వినడం తక్కువ.

ఎంత మంచి పనికైనా దాని హద్దు తెలియాలి. కొత్తగా కురిసిన మెత్తటి మంచులో మేకులకు పట్టుకునేందుకు ఏమీ ఉండదు. అక్కడ పనిచేసేది టైరు మీది లోతైన గాళ్లు. టైరు బరువు కిలో దాకా ఉంటుంది, తొక్కేవాడి కాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది. తారు మీద తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. కొత్త టైరునైతే మొదటి 40 కిలోమీటర్ల దాకా గట్టి బ్రేకులు వేయకుండా మెల్లగా నడపాలి, అప్పుడే మేకులు గుంటల్లో కుదురుకుంటాయి. ఒక్క టైరే కొనగలిగితే ముందు చక్రానికే వేసుకోవాలి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే నేలే గతి. సున్నా డిగ్రీల దగ్గరి ఐసు, బాగా గడ్డకట్టిన చలిలోని ఐసు కంటే ప్రమాదం అని మేనల్లుడు చెప్పాడు. పైన పల్చటి నీటిపొర ఉంటుంది కాబట్టి. మంత్రాల చెరువు పక్క దారిలో తొలకరి చినుకులకు దుమ్ము తడిసినప్పుడు బండ్లు జారడం చూసిన మనకు అది అర్థమయ్యే సంగతే. గట్టి వానలో కంటే తొలి చినుకులోనే జారుడు ఎక్కువ.

ఔలు భూగోళం మీద 65వ అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరు చివర అక్కడ పగలు మూడున్నర గంటలే. కాలేజీకి పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. అందుకే టైరు పక్కగోడల మీద చుట్టూ ఒక తెల్లటి పట్టీ ఉంది. సెల్‌ఫోన్ లైటు వేస్తే చక్రం మొత్తం వెలుగు వలయంలా మెరిసింది. ఎదురుగా వచ్చేవాడికి లైటు కనబడుతుంది, పక్క నుంచి వచ్చే కారువాడికి ఈ వలయం కనబడుతుంది. ఆ ఊళ్లో 900 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులున్నాయి. చలికాలంలో వాటి మీద మంచును యంత్రాలతో చదును చేస్తారు. 2013లో చలికాలపు సైకిల్ ప్రయాణం మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది అక్కడే. టైరు సగం పని చేస్తే, తెల్లారకముందే దారి చదును చేసేవాళ్లు మిగతా సగం చేస్తారు.

చలికాలపు టైరు అనే ఆలోచన పుట్టింది కూడా ఆ దేశంలోనే. 1934లో ఒక ఫిన్లాండ్ రబ్బరు కంపెనీ మంచు దారుల్లో తిరిగే లారీల కోసం ప్రత్యేకంగా టైరు చేసింది. ఆ కర్మాగారం ఉన్న ఊరి పేరు నోకియా. ఆ రబ్బరు కంపెనీ, ఒక కాగితం కంపెనీ, ఒక కేబుల్ కంపెనీ 1967లో కలిసి ఒక్కటయ్యాయి. మనందరి చేతుల్లోకి వచ్చిన నోకియా ఫోను తర్వాత ఆ ఇంటి నుంచే వచ్చింది.

మరి ఈ టైరు ఎక్కడ తయారైంది? అన్న చక్రం తిప్పుతూ పక్కగోడ మీది అక్షరాలు చదవమన్నాడు. ఇండోనేషియా. నేను రెండోసారి చదివాను. భూమధ్యరేఖ మీది దేశం. అక్కడి ఊళ్లలో చలికాలం అనే మాటకే చోటు లేదు. చెమటలు కక్కుతూ పనిచేసే చేతులు, తాము ఎప్పుడూ అడుగుపెట్టని ఐసు కోసం, తాము ఎన్నడూ చూడని చీకటి ఉదయం కోసం, ఈ నాలుగు వరుసలూ తేడా లేకుండా కుదిర్చాయి. సైకిల్ తొక్కబోయేవాడు తెలుగువాడో, ఫిన్లాండ్ పిల్లో వాళ్లకు తెలియదు. పడకూడదు అన్నది మాత్రం తెలుసు.

నాకు మా ఊళ్లో ఎడ్లకు నాడాలు కొట్టేవాళ్లు గుర్తొచ్చారు. ఎద్దును పడుకోబెట్టి, కాళ్లు కట్టి, చీలిన గిట్టకు రెండు రేకులు వేసేవారు. మేకు గిట్ట పెంకులోనే దిగాలి. వెంట్రుకవాసి లోపలికి పోతే జీవానికి నొప్పి, పైకి పోతే రేకు ఊడుతుంది. కొట్టేవాడు సుత్తి కంటే ఎక్కువగా వేలినే నమ్మేవాడు. ఆ ఎద్దు రేపు ఏ రాళ్ల దారిలో బండి లాగుతుందో ఆయనకు తెలియదు. దారి తెలియకపోయినా కాలి బాధ తెలిసినవాడు ఆయన. ఈ టైరు చేసినవాళ్లూ ఆ కోవకు చెందినవాళ్లే. మంచి పనివాడికి లోకమంతా తిరిగిన అనుభవం అక్కర్లేదు. తన చేతిలోంచి పోయిన వస్తువు మీద ఎవరో ఒంటరిగా ఆధారపడతారన్న ఎరుక ఉంటే చాలు.

చీకటి పడుతుండగా అన్న టైరు విప్పబోయి ఆగాడు. పక్కగోడ మీద చిన్న బాణం గుర్తు ఉంది, చక్రం ఏ వైపు తిరగాలో చెప్పేది. ఇన్నాళ్లూ ఒక వైపే తిరిగి మేకులు ఆ వాలుకు అలవాటు పడి ఉంటాయి. అన్న తడిగుడ్డతో బాణం మీది మట్టి తుడిచి, దాని చుట్టూ సుద్దముక్కతో పెద్ద సున్నా చుట్టాడు.

"మీ అల్లునికి చెప్పుండ్రి సార్" అన్నాడు టైరును లుంగీలో చుడుతూ, "మల్ల ఎక్కించేటప్పుడు ఉల్టా పెట్టొద్దని. ఆడ చీకట్ల కనబడదేమో."