పడవల రేవులో వైఫై: గుణదోష విచారణ

ఒక పద్ధతి యెంత మంచిదో తెలియవలెనన్న, దానిని అనుకూలమైన చోట కాక ప్రతికూలమైన చోట పరీక్షింపవలెను. ఇంటిలోను, పాఠశాలలోను చక్కగా పనిచేయు వైఫై నిజముగా పరీక్షకు గురియగు చోట్లలో పడవల రేవు ఒకటి. విహారనౌకలను కట్టియుంచు ఇట్టి రేవును మెరీనా అందురు. ఇంగ్లండు దక్షిణ తీరమున 1979లో ప్రారంభమైన బ్రైటన్ మెరీనా ఇందుకు తగిన ఉదాహరణము. అలలను అడ్డగించు గోడల నడుమ అచట వేయికి పైగా పడవలకు చోటు కలదు. ఇట్టి రేవులలో కొందరు పడవలలోనే నివసింతురు. వాతావరణ సమాచారము మొదలు ఉద్యోగపు పనుల వరకు వారికి ఇంటర్నెట్ కావలెను.

దీనికి తరచు వినవచ్చు ఉపాయము ఒకటే. ఒడ్డున ఎత్తైన స్తంభము నాటి, దానిపై మిక్కిలి శక్తిగల వైఫై పరికరమును బిగించిన చాలునట! ఈ ఉపాయము చూచుటకు సులభముగా నున్నది గాని, విచారణకు నిలువదు. ఇందు మూడు దోషములు కలవు.

మొదటిది, వైఫైని దీపస్తంభము వంటిదని భావించుట. దీపస్తంభమునకు ఓడలు బదులు చెప్పనక్కరలేదు. వైఫై అట్లు కాదు, అది సంభాషణ. పంపిన ప్రతి సమాచార ఖండమునకు సాధారణముగా “ముట్టినది” అని బదులు రావలెను. సభలో మైకు ముందు నిలిచినవాని మాట ఊరంతయు వినవచ్చును; ఊరి చివరనున్నవాడు పలికిన బదులు మాత్రము అతనికి వినపడదు. చేతి ఫోను వైఫై శక్తి సుమారుగా వాటులో పదవ వంతు. కావున పడవలోని ఫోనుపై గీతలన్నియు నిండుగా కనిపించును గాని, పుట తెరచుకొనదు. మంచి యాంటెన్నా పంపుటకును, గ్రహించుటకును గూడ తోడ్పడును; ప్రసారశక్తిని పెంచుట ఒక దిశకే తోడ్పడును. ఈ భేదమును మరచుటయే మొదటి దోషము.

రెండవది, నీటిని లెక్కలోనికి తీసికొనకుండుట. 1834లో లాయిడ్ అను శాస్త్రజ్ఞుడు ఒకే దర్పణముతో కాంతి వ్యతికరణమును చూపెను. రేవులోని నీరు రేడియో తరంగములకు అట్టి దర్పణమే. పడవకు ఒక తరంగము నేరుగాను, మరొకటి నీటిపై పరావర్తనము చెందియు చేరును. నీటిని ఏటవాలుగా తాకి వచ్చు తరంగము దాదాపు తలక్రిందులగును. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగ దైర్ఘ్యము 12.5 సెంటీమీటర్లు. ఒడ్డు యాంటెన్నా నీటికి 4 మీటర్ల ఎత్తున, పడవ యాంటెన్నా 2.5 మీటర్ల ఎత్తున, రెండింటి నడుమ దూరము 160 మీటర్లు ఉన్నవనుకొందము. ఎత్తుల లబ్ధమును రెట్టించి దూరముచే భాగించిన మార్గభేదము వచ్చును. అది సరిగా 12.5 సెంటీమీటర్లు, అనగా ఒక తరంగ దైర్ఘ్యము. తలక్రిందులైన తరంగము మొదటిదానిని చాలవరకు బలహీనపరచును.

ఇక ఆటు వచ్చి నీరు 2 మీటర్లు దిగినదనుకొందము. పడవ నీటితోపాటు దిగును; స్తంభము దిగదు. దాని ఎత్తు 6 మీటర్లగును. మార్గభేదము 18.75 సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర తరంగ దైర్ఘ్యములు. ఇప్పుడు రెండు తరంగములు ఒకదానికొకటి బలమగును! ఉదయము పని చేయని వైఫై మధ్యాహ్నము పనిచేయుటకు ఇది ఒక కారణము. పెద్ద పోటు దినములలో బ్రైటన్ తీరమున నీటిమట్టము సుమారు 6 మీటర్లు మారును. అలలు లేచినప్పుడు ఈ ప్రభావము తగ్గును గాని, గోడల నడుమనున్న నిశ్చలజలమే దీనికి అనుకూలము.

మూడవ దోషము అన్నిటికంటె పెద్దది. గాలి అందరిదియు. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము ద్వీపముల నడుమ అలోహా అను నిస్తంత్రీ కంప్యూటర్ జాలమును నెలకొల్పెను. అందు ఎవరికి తోచినప్పుడు వారు పలుకవచ్చును. ఇద్దరు ఒకేసారి పలికిన రెండు మాటలును చెడును. అట్టి పద్ధతిలో సామర్థ్యమున సుమారు 18 శాతమునకు మించి ఉపయోగపడదని గణితము తేల్చినది. 1997లో వెలువడిన వైఫై ప్రమాణము “ముందు విను, పిదప పలుకు” అను నియమమును పాటించి దీనిని చక్కదిద్దినది. ఇది దాని గొప్ప గుణము. కాని ఎత్తైన స్తంభము ఆ గుణమునే చెరచును. రేవు రెండు కొనలనున్న పడవలు స్తంభమునకు వినపడును, ఒకదానికొకటి వినపడవు. కావున రెండును ఒకేసారి పలుకును. అలోహా నాటి దోషము మరల తలయెత్తును.

దూరపు పడవ మరొక నష్టము కూడ కలిగించును. 1500 బైట్ల ఖండమును సెకనుకు 54 మెగాబిట్ల వేగమున పంపుటకు 0.22 మిల్లీసెకను చాలును. 1 మెగాబిట్ వేగమున 12 మిల్లీసెకనులు పట్టును. ఒక్క బలహీనమైన పడవ యాబదిమంది కాలమును కాజేయును.

కావున మార్గము వేరు. నీటిపై తేలు పంటులకే పడవలను కట్టుదురు గనుక, చిన్న శక్తిగల పరికరములను ఆ పంటులపైననే అమర్చవలెను. పంటు నీటితో లేచి దిగును. యాంటెన్నా ఎత్తు మారదు. ఇరుగుపొరుగు పరికరములకు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 చానెళ్లను పంచవలెను. సాధారణ రాగి ఈథర్నెట్ తీగకు 100 మీటర్లు హద్దు. అంతకు మించిన చోట ఫైబర్ కేబులు వేయవలెను. ఉక్కు లేక అల్యూమినియము పడవలు తరంగములను లోనికి రానీయవు గనుక వానికి వెలుపల యాంటెన్నా తప్పదు.

ఈ ఏర్పాటుకు వ్యయము ఎక్కువ. ఉప్పు గాలికి తుప్పుపట్టు కీళ్లును ఎక్కువ. పది పడవల రేవుకు ఒక్క స్తంభమే చాలవచ్చును. వందల పడవలకు అది చాలదు.

ఈ నీతి రేవుకే పరిమితము కాదు. అరువదిమంది విద్యార్థులు ఒకే పరికరముతో కుస్తీపట్టు తరగతి గదికిని ఇది వర్తించును. బిగ్గరగా పలుకుటకంటె దగ్గరగా పలుకుట మేలు.