తెరమీది వేషము – తెరవెనుక మర్యాద

మిరప కల్లములలో కాయ యెండుచుండగా రాత్రి కావలికి పోవు యువకులు ఈ కాలమున ఒంటరిగా నుండరు. నలుగురొకచోట చేరుదురు, నలుగురి చేతులలోను సెల్‌ఫోనులు వెలుగుచుండును. వారితో నాడువారిలో ఒకడు హైదరాబాదున, మరియొకడు దుబాయిలో నుండును. నరసరావుపేట మొదలుకొని పర్చూరు వరకు ఈ దృశ్యము చూడని చదువరి యుండడు.

దీనిని గూర్చి మన పెద్దలు రెండు తెగలైరి. పిల్లలు చెడిపోయిరని కొందరందురు. ఆటయే గదా యని కొందరందురు. మొదటివారు చూడకయే నిందించుచున్నారు. రెండవవారు చూడకయే క్షమించుచున్నారు. చూడక చేసిన తీర్పు విమర్శ కానేరదు. నాటకమును, నవలను, చలనచిత్రమును గుణదోషములు తరచి విచారించినట్లే పలువురు కలిసి యాడు నీ అంతర్జాల క్రీడలను గూడ విచారింపవలయునని మా యభిప్రాయము.

వీనిలో రోల్‌ప్లే అను వేషపుటాట మిక్కిలి విచారింపదగినది. 2013లో వెలువడిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఐదవ భాగము నాధారము చేసికొని ఆటగాండ్రు తామే నగరములు నడుపుకొనుచున్నారు. అందొకడు పోలీసు, ఒకడు వైద్యుడు, ఒకడు టాక్సీ నడుపువాడు. వ్రాసిన నాటకము లేదు. ఎవని మాట వాడే కల్పించుకొనవలయును. ఇది నాటకము గాక మరేమి?

నాటకమన్నచో మన సీమకు క్రొత్తది కాదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి రంగస్థలముపై సత్యభామ వేషము ధరించి కీర్తి గడించిరి. 1956లో పద్మశ్రీ పురస్కారము నందిరి. పలువురు కలిసి యాడు వేషమునకు మనకింతకంటె ప్రాచీనమైన తార్కాణము కారెంపూడిలో కలదు. ఏటేట కార్తికమాసపు చివర పల్నాటి వీరుల తిరునాళ్లలో రాచగావు మొదలు కల్లిపాడు వరకు ఐదు దినములు నాటి కథను ఊరు ఊరంతయు నడపును. రాయబారము నడచును, కోడిపోరు నడచును. అయినను ఏ యింటికి ఆ యిల్లు క్షేమముగా తిరిగి పోవును. ఏలన, ఎచ్చట వేషము ముగియునో అందరికిని తెలియును.

ఆ కథయే ఆటను గూర్చి రెండు పాఠములు చెప్పుచున్నది. కోడిపందెములో నోడినవారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినను వారి పాలు వారికి దక్కలేదు. తుదకు యుద్ధము వచ్చెను. ఆట చేసిన చేటుకంటె ఆటలోని మాట తప్పుట చేసిన చేటు పెద్దది. ఇది మొదటి పాఠము. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెననుట రెండవది. కలిసి పోరాడువారు కలిసి కూర్చుండగలుగవలయును.

ఈ రెండు పాఠములను మన యువకుల యాటకు తాకించి చూతము. ఒక జట్టులో నలుగురు కలిసినపుడు, ఒకని యూరును పేరును విని కులమేదో ఊహించి ఆ పేరుతో తిట్టుట జరుగుచున్నది. ఆడుపిల్ల గొంతు వినబడినచో వినరాని మాటలు వచ్చుచున్నవి. మాకు తెలిసిన యొక కుటుంబమున డిగ్రీ చదువు బాలిక యీ యాటలందు మిక్కిలి నేర్పరి. ఆమె మగపేరు పెట్టుకొని, మైకు మూసి యాడుచున్నది. కారణమడుగగా, “పెద్దమ్మగారూ, గొంతు తెరిస్తే ఆట ఆగి, నామీద మాటలే సాగుతాయి” అనెను. మేము చాలసేపు మాటలాడలేకపోతిమి. నాడొక పురుషుడు స్త్రీవేషము ధరించి గౌరవము పొందెను, అది కళ. నేడొక బాలిక భయముచేత పురుషనామము ధరించుచున్నది, ఇది దాగుట. వేషము పేర జరుగుచున్న ఈ దాగుట పోవువరకు ఆ యాట యెంత సొగసైనదైనను మేము దానిని మంచి కృతియని మెచ్చజాలము.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా ఆరంభింపగా రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన మడ్ అను ఆట కేవలము అక్షరములతో నడచినది. ఆటగాండ్రలో గెలుపు కోరువారు, వింతలు వెదకువారు, స్నేహము కోరువారు, ఇతరులను పీడించి సంతోషించువారు అని నాలుగు తెగలు కలరని బార్టిల్ 1996లో వ్రాసెను. లాంబ్డామూ అను మరియొక అక్షరలోకమున 1993లో ఒకడు పరుల పాత్రలచేత వారి యిష్టము లేకయే అసభ్యకార్యములు చేయించినట్లు అందరియెదుట నడిపించెను. దెబ్బ తగిలినది కల్పితదేహమునకు. కన్నీరు వచ్చినది నిజమైన కన్నులకు. ఆ పిమ్మట ఆ లోకమును నిర్మించిన పావెల్ కర్టిస్ నివాసులే అర్జీలు పెట్టి ఓట్లు వేసి నియమములు చేసికొను పద్ధతి నేర్పరచెను. పంచాయతీ లేని ఊరు ఊరు కాదని వారు గ్రహించిరి.

సౌకర్యము పేర సంఘము చెడుటయు కలదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో పూర్వము సాహసమునకు తోడు కావలసినచో పదిమందిని పలుకరింపవలసి యుండెను. 2009 డిసెంబరులో యంత్రమే వేర్వేరు సర్వరులనుండి అపరిచితులను ఏరి జట్టు కూర్చు నేర్పాటు వచ్చెను. పని తేలికయైనది, కాని మరల కలియనివారితో మర్యాద ఏల యని తలచువారు పెరిగిరని ఆటగాండ్రే మొరపెట్టుకొనిరి. సంతలో మాటకును, ఇరుగుపొరుగు మాటకును గల భేదమిదియే.

చట్టము వలన కొంత మేలు జరుగును. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ నిషేధింపబడినది. ఆ కారణము దేశరక్షణ. 2025లో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సాంఘిక క్రీడలను వేరుగా నెంచినది. ఇది ఉచితమే. కాని నాలుకకు మర్యాద నేర్పు పని చట్టముది కాదు. అది ఆటను నిర్మించువారిది, నడుపువారిది, ఇంటివారిది.

నిర్మించువారు తెలుగు తిట్టును గుర్తింపగల తెలుగు కాపరులను నియమింపవలయును. ఇంగ్లీషు బూతు మాత్రమే పట్టు యంత్రము మనకు ఉపకరింపదు. సర్వరులు నడుపు యువకులు చిన్న సంఘములను పెంచి, నియమములను తేటతెలుగున వ్రాసి, తప్పు చేసినవానిని స్నేహితుడని విడువకుండవలయును.

వేషధారి పాటింపవలసిన ధర్మములు మన నాటకమునందే కలవు. కృష్ణుడు విశ్వరూపము చూపునని దుర్యోధన వేషధారికి తెలియును, దుర్యోధనునకు తెలియదు. అట్లే పాత్రకు తెలియని దానిని ఆటగాడు వాడుకొనరాదు. ఎదుటిపాత్ర యేమి చేయునో తానే నిర్ణయించి చెప్పరాదు. పాత్రల పగను పాత్రలతోనే ముగించి, ఆట చాలించిన పిమ్మట “అన్నా, బాగున్నావా?” యని పలుకరింపవలయును. మన పద్యనాటకములందు పద్యము ముగిసినను రాగము ముగింపక, వన్స్‌మోరు కొరకు కథను నిలిపివేసిన నటులు కలరు. తన గెలుపు కొరకు పదిమంది కథను చెడగొట్టు ఆటగాడు వారి సంతతివాడే.

పత్తి తీతలు, పరీక్షలు వచ్చునపుడు ఆటకు హద్దు పెట్టుట న్యాయమే; నిదుర చెరుపు ఆటను మేము సమర్థింపము. అయినను సెల్‌ఫోను లాగికొనుటకు ముందు ఒక రాత్రి పిల్లల ప్రక్కన కూర్చుండి వారేమి పలుకుచున్నారో వినుడని గృహస్థులను వేడుచున్నాము. కుమారుడు తెరమీద నొక అపరిచితురాలితో పలుకు మాట, తన సోదరి వినదగినదేనా? ఈ యొక్క ప్రశ్న ఇంటింట అడుగబడినచో పైజెప్పిన బాలిక మైకు తెరచును. ఆనాడు ఆమె ధరించు వేషము ఏదైనను, అది ఆమె కోరి ధరించినదగును.