సఖా వీరగాథలో ప్రకృతి – వర్ణనయా, సంబోధనయా?

ఈశాన్య సైబీరియాలో లేనా నదీపరిసరములందు నివసించు సఖా జాతివారిని రష్యనులు యాకూతులని పిలిచిరి. వీరిది తురుష్క భాషాకుటుంబమునకు చెందిన భాష. గాయకులు కంఠస్థముగా పాడు వీరి వీరగాథలకు ఒలొంఖో అని పేరు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైన ‘న్యుర్గున్ బోతూర్’ను 1930–32 సంవత్సరముల నడుమ ప్లతోన్ ఒయూన్‌స్కీ గ్రంథస్థము గావించెను. అది 36,000 పాదములకు మించినది. ఆ కవి 1939లో చెఱసాలయందు మరణించెను. ఒలొంఖోను యునెస్కో 2005లో మానవజాతి మౌఖిక వారసత్వములోని మహాకృతిగా ప్రకటించినది.

ఒలొంఖో సాధారణముగ మధ్యలోకపు సుదీర్ఘ చిత్రణముతో ఆరంభమగును. గడ్డిమైదానములు, నదులు, నడుమ ఆల్ లూక్ మస్ అను మహావృక్షము. అష్టాదశ వర్ణనలకు అలవాటుపడిన తెలుగు పాఠకుడు దీనిని పురవర్ణనవంటి అలంకారమని తలచి దాటిపోవును. అచేతనములపై చేతనధర్మారోపమని లక్షణము గూడ చెప్పగలడు. ఆ లక్షణ మిచ్చట చెల్లదు. ‘ఎర్ సొగొతోఖ్’ గాథలో తన పుట్టుక నెఱుగని ఏకాకియైన వీరుడు వృక్షమును సమీపించి మొఱపెట్టుకొనును. వృక్షమునుండి నడుమువఱకు ఒక స్త్రీ వెలువడి అతనికి చనుబాలిచ్చి దీవించును. చెట్టు ఉపమానమాత్రమైనచో ఆ పాలు త్రాగినదెవరు? కథ అచ్చటనే ఆగిపోవును.

1871లో టైలర్ ప్రచారములోనికి తెచ్చిన ‘యానిమిజమ్’ అను మాటయు ఇంతే. సర్వవస్తువులయందు ఆత్మ గలదను నమ్మకమని దాని అర్థము. సఖా మాట ‘ఇచ్చి’. దాని అర్థము యజమాని. ఇంటికి యజమాని యున్నట్లే సరస్సునకు, కనుమకు, నిప్పునకు ఇచ్చి గలదు. వేటగాడు అడవిలో నిప్పునకు ఆహార మర్పించి, వేటకు అధిపతియైన బయనయ్‌ను వేడుకొనును. పెద్ద నదిని ‘ఎబె’, అనగా అవ్వ, అని పిలుతురు. ఎలుగుబంటిని ‘ఎహె’, తాత, అందురు. రాత్రివేళ పామును పురుగనెడి మన పెద్దలకు ఈ జాగ్రత్త క్రొత్త గాదు.

పోలిష్ ప్రవాసి సియెరొషెవ్‌స్కీ ఆ జాతి నడుమ 12 ఏండ్లు గడపి 1896లో బృహద్గ్రంథము ప్రకటించెను. విలువైనదే. అయినను ఇట్టి గ్రంథములు నమ్మకములను పట్టికలుగా విడదీయును. పలికెడి సందర్భము జాఱిపోవును. ఈ విషయమున 1907–1930 నడుమ వెలువడిన పెకార్‌స్కీ నిఘంటువే మేలు. అందు మాట తన వాక్యముతోడనే యుండును.

సఖాల పూర్వులు బైకాల్ ప్రాంతమునుండి గుఱ్ఱములతో, పశువులతో ఉత్తరమునకు వచ్చినవారని పండితుల యభిప్రాయము. పరాయినేల కరుదెంచినవాడు దాని యజమానిని అనుమతి కోరుట సహజము. వారికి గ్రాసమిచ్చినది అలాస్. నేలలోని ప్రాచీన హిమము కరగి భూమి క్రుంగగా, నడుమ చెఱువు, చుట్టును పచ్చిక ఏర్పడిన పల్లము అది. నేడు వాతావరణము వేడెక్కి హిమము వడిగా కరగుచున్నది. పచ్చికబయళ్లు కొన్ని మిట్టపల్లములై, కొన్ని నీట మునిగి పాడగుచున్నవి. అలాస్ చెడినపుడు చెడునది దృశ్యము మాత్రమే కాదు. గాయకుడు పేరుపెట్టి పిలిచెడి యజమాని నివాసము.

కావున ఈ గాథలను తెలుగు చేయువారు ‘ఇచ్చి’ని ఆత్మ యనిగాని దేవత యనిగాని వ్రాయుట తగదు. ‘ఆసామి’ యన్నచో నిందాస్తుతులు రెండును లేక అర్థము నిలుచును.